వేసవిలో గోదావరి ప్రయాణం: ఆకాశాన్ని చదవడం ఎలా?

పరీక్షలు అయిపోయి వేసవి సెలవులు ఇచ్చారంటే రామచంద్రపురం చుట్టుపక్కల పిల్లలకు గోదావరి గుర్తుకొస్తుంది. కొందరు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటి చుట్టాలింటికి పోతారు. మరికొందరు పెద్దవాళ్ళతో కలిసి, ఏటికి ఎదురుగా లాంచీలో పాపికొండలు చూడటానికి వెళతారు. ప్రయాణానికి ముందు పులిహోర పొట్లాలు, మంచినీళ్ళు, బట్టలు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటాం. కాని, “ఇవాళ నది మీద వాతావరణం ఎలా ఉంటుంది?” అని అడిగేవారు ఎందరు? వేసవి కదా, ఎండ కాస్తుంది, అంతే గదా అనుకుంటాం.

అంతే కాదు. 2018 మే 15వ తేదీ సాయంత్రం కొండమొదలు వైపు నుంచి వస్తున్న ఒక లాంచి, దేవీపట్నం మండలంలోని మంటూరు దగ్గర గాలివానలో చిక్కుకుని మునిగిపోయింది. గాలికీ వానకూ తలుపులు మూసి ఉండటంతో లోపల కూర్చున్నవారిలో చాలామంది బయటకు రాలేకపోయారు. అనేకమంది గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. అది వరదల కాలం కాదు, సముద్రంలో తుఫాను కూడా లేదు. నడివేసవిలో ఒక సాయంత్రం వచ్చిన గాలివాన అంత పని చేసింది.

ఇటువంటి గాలివాన హఠాత్తుగా ఊడిపడినట్టు కనిపిస్తుంది. నిజానికి అది పొద్దుటినుంచీ ఆకాశంలో తయారవుతూనే ఉంటుంది. వేసవిలో గోదావరి మీద వాతావరణం ఇంచుమించు బడి గంటల ప్రకారం నడుస్తుందని చెప్పవచ్చు. ఏ గంటకు ఏ పాఠమో తెలిసినవారికి ఆ ఆకాశాన్ని చదవడం కష్టం కాదు. రండి, ఒక మే నెల రోజును తెల్లవారుజామునుంచి గమనిద్దాం.

తెల్లవారుజాము: నిశ్శబ్దంగా ఉన్న నది

మే నెలలో మన ప్రాంతంలో సుమారు ఐదున్నరకు సూర్యుడు ఉదయిస్తాడు, సాయంత్రం ఆరున్నరకు అస్తమిస్తాడు. అంటే పగలు దాదాపు 13 గంటలు. తెల్లవారుజామున నది అద్దంలా ఉంటుంది. ఎందువలన?

రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి పోగొట్టుకుని చల్లబడుతుంది. నేలను అంటుకుని ఉన్న గాలి కూడా చల్లబడుతుంది. చల్లని గాలి బరువైనది. అది కింద, దానికంటే వెచ్చని గాలి పైన ఉంటే రెండూ కలవవు. ఇటువంటి గాలిని స్థిరమైన గాలి అంటారు. అందుచేత ఆ వేళ పొయ్యి పొగ కూడా పైకి లేవకుండా ఇళ్ళ కప్పుల మీద పలచని తెరలా పరచుకుంటుంది. మీరు గమనించే ఉంటారు. సముద్రపు ఒడ్డున మాత్రం నేలనుంచి సముద్రంవైపు సన్నని గాలి వీస్తుంది. దానిని భూపవనం అంటారు.

పడవ ప్రయాణానికి రోజు మొత్తంలో ఇదే మంచి సమయం. అనుభవం గల సరంగులు పొద్దున్నే లంగరు ఎత్తడానికి ఇష్టపడటంలో ఈ శాస్త్రం ఇమిడి ఉంది.

పన్నెండు గంటలు: నీడ మాయమయ్యే రోజు

రామచంద్రపురం భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మన నడినెత్తికి సంవత్సరంలో రెండుసార్లు మాత్రమే వస్తాడు: మే 8వ తేదీ ప్రాంతంలో ఒకసారి, తిరిగి ఆగస్టు 5వ తేదీ ప్రాంతంలో ఇంకొకసారి. ఆ రోజుల్లో పన్నెండు గంటలకు కాస్త అటూ ఇటూగా, నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆగస్టులో మబ్బులు ఉంటాయి గనుక ఎండ తీవ్రత అంతగా తెలియదు. మేలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. కిరణాలు ఏటవాలుగా కాక నిట్టనిలువుగా పడతాయి. అందువలన నేల బాగా వేడెక్కుతుంది.

వేడి అన్నిచోట్లా ఒకేలా పెరగదు. 1 గ్రాము నీటి ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెంటీగ్రేడు పెరగడానికి 1 కేలరీ ఉష్ణం కావాలి. 1 గ్రాము పొడి ఇసుకకు అందులో ఐదో వంతు చాలు. దీనినే విశిష్టోష్ణంలో తేడా అంటారు. పైగా నీటిలో సూర్యకాంతి లోతుకు పోతుంది, నీరు కదులుతూ కలిసిపోతుంది. ఇసుకలో వేడి పైపొరలోనే నిలిచిపోతుంది. అందుకే మధ్యాహ్నం గోదావరి నీళ్ళలో కాలు పెడితే హాయిగా ఉంటుంది, పక్కనే ఉన్న ఇసుకతిన్నె మీద పెడితే కాలు బొబ్బలెక్కుతుంది.

మన వైపు మే నెల పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 37 నుంచి 40 డిగ్రీల వరకు ఉంటుంది. పడమటినుంచి, వాయవ్యంనుంచి పొడిగాలులు బలంగా వీచిన రోజుల్లో 45 డిగ్రీలు కూడా దాటవచ్చు. అదే వడగాలి. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించారు. “రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి” అనే సామెత మీరు విన్నదే. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాకా ఉంటుంది.

లాంచి కదులుతూ ఉంటే ముఖానికి గాలి కొడుతుంది, ఎండ తెలియదు. ఇక్కడే జాగ్రత్త అవసరం. మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. వీచే గాలి 42 డిగ్రీలు ఉంటే అది మనల్ని చల్లబరచదు, మనకే వేడిని ఇస్తుంది. అప్పుడు శరీరాన్ని కాపాడేది చెమట ఒక్కటే. చెమట ఆవిరి కావడానికి కావలసిన వేడిని చర్మంనుంచి తీసుకుంటుంది. ఆ చెమటకు నీరు కావాలి. అందుచేత దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగో, ఉప్పు వేసిన నీళ్ళో తరచు తాగుతూ ఉండాలి.

రెండు, మూడు గంటలు: సముద్రపు గాలి

నేల మీది గాలి వేడెక్కి, వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది. సముద్రం మీది గాలి అంత వేడెక్కదు గనుక బరువుగానే ఉంటుంది. నేల మీద పీడనం కొంచెం తగ్గుతుంది, సముద్రం మీద ఎక్కువగా ఉంటుంది. గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు ప్రవహిస్తుంది. అలా మొదలైనదే సముద్రపు గాలి, అంటే సముద్రపవనం.

అది మొదట కాకినాడ, యానాం తీరాలను చల్లబరుస్తుంది. రామచంద్రపురం తీరానికి సుమారు పాతిక కిలోమీటర్లు లోపల ఉంది కాబట్టి అక్కడికి రావడానికి మరికొంత సమయం పడుతుంది. తాడిచెట్ల ఆకులు ఒక్కసారిగా తూర్పు, ఆగ్నేయ దిక్కులనుంచి వచ్చే గాలికి గలగలలాడటం మొదలైతే సముద్రపు గాలి ఊళ్ళోకి వచ్చిందన్నమాట. పడమటి గాలి మరీ బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి లోపలికి రాలేదు. వడగాలి రోజుల రహస్యం ఇదే.

సముద్రపు గాలి వేడిని తగ్గిస్తుంది కాని, తనతో నీటి ఆవిరిని తెస్తుంది. గాలిలో ఆర్ద్రత పెరిగితే చెమట తొందరగా ఆరదు. డెల్టాలో ఉష్ణోగ్రత 37 డిగ్రీలే ఉన్నా ఉక్కపోతతో ప్రాణం విసుగెత్తడానికి కారణం అదే.

ఇక లాంచి ప్రయాణం సంగతి. ధవళేశ్వరం దాటి ఉత్తరంగా పోయేకొద్దీ సముద్రం దూరమవుతుంది. పాపికొండల వద్దకు చేరేసరికి దాదాపు వంద కిలోమీటర్ల దూరం. అడ్డంగా కొండలు. అక్కడికి సముద్రపు గాలి బలహీనపడి, ఆలస్యంగా చేరుతుంది, లేదా చేరనే చేరదు. కాబట్టి సాయంత్రం పూట రామచంద్రపురంలో హాయిగా ఉన్న రోజున పాపికొండలలోనూ అలాగే ఉంటుందని అనుకోకూడదు.

నాలుగు గంటల తరువాత: మేఘంలోని కొలిమి

ఇప్పుడు మన పాఠంలో ముఖ్యమైన భాగానికి వచ్చాం. గాలివాన పుట్టడానికి మూడు కావాలి: వేడెక్కిన నేల, తడి గాలి, పైన చల్లని పొడిగాలి. మే నెల సాయంత్రం తూర్పు కనుమల అంచున ఈ మూడూ కలుసుకుంటాయి. వేడి నేల కిందనే ఉంది. తడి బంగాళాఖాతం నుంచి వస్తుంది. ఎత్తున పడమటినుంచి పొడిగాలి వీస్తూ ఉంటుంది. కొండవాలు గాలిని పైకి నెట్టడానికి తోడ్పడుతుంది.

పైకి లేచిన గాలి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని ఇముడ్చుకోగలదు. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములే ఇముడుతుంది. మిగిలినది ఏమవుతుంది? సన్నని నీటి బిందువులుగా మారుతుంది. అదే మేఘం. ఆవిరి నీరుగా మారేటప్పుడు, ఒక్కొక్క గ్రాముకు సుమారు 580 కేలరీల గుప్తోష్ణం బయటపడుతుంది. ఈ వేడికి మేఘంలోని గాలి మళ్ళీ తేలికై మరింత పైకి పోతుంది. అక్కడ ఇంకా ఆవిరి నీరవుతుంది, ఇంకా వేడి పుడుతుంది. కొలిమిలో బొగ్గు వేసినకొద్దీ మంట పెరిగినట్టు, తడిగాలి అందినకొద్దీ మేఘం పెరుగుతుంది. 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు కూడా పోతుంది. దీని పేరు క్యుములోనింబస్ మేఘం.

దీని పెరుగుదలను మీరు కళ్ళారా చూడవచ్చు. పదకొండు, పన్నెండు గంటలకు దూది పింజల వంటి చిన్న తెల్లమబ్బులు. రెండు గంటలకు అవి కాలీఫ్లవరు పువ్వులా, పొడవుకంటే ఎత్తు ఎక్కువగా ఉబ్బుతాయి. నాలుగు గంటలకు పైభాగం కమ్మరి దాగలిలా బల్లపరుపుగా పరచుకుంటుంది, అడుగుభాగం నల్లగా మారుతుంది. బెంగాలులో ఇటువంటి వేసవి గాలివానలను కాలవైశాఖి అంటారు.

వానకంటే ముందు గాలి ఎందుకు వస్తుంది?

మేఘంలో బిందువులు పెద్దవై, పైకి లేచే గాలి మొయ్యలేనంత బరువెక్కి కిందికి పడతాయి. పడుతూ పడుతూ చుట్టూ ఉన్న గాలిని కూడా కిందికి లాగుతాయి. మేఘం కింద ఉన్న పొడిగాలిలో కొంత వాన ఆవిరైపోతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి గదా! ఆ వేడిని గాలినుంచే తీసుకుంటుంది. గాలి చల్లబడి, బరువెక్కి, రాయిలా కిందికి జారుతుంది.

బిందెడు నీళ్ళు ఎత్తునుంచి గచ్చు మీద కుమ్మరించండి. నీళ్ళు అక్కడే ఉంటాయా? నాలుగు వైపులా పరుగెత్తుతాయి. చల్లగాలి కూడా నేలను తాకి అలాగే నలుదిక్కులా దూసుకుపోతుంది. వాన మేఘం కిందనే పడుతూ ఉంటే, ఈ గాలి కొన్ని కిలోమీటర్లు ముందుకు పరుగెత్తి వస్తుంది. ఇదే ఈదురుగాలి. కొద్ది నిమిషాల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోవచ్చు. ఉక్కలో ఉన్నవారికి ఆ చల్లదనం ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. కాని నది మీద ఉన్నవారికి అదే ప్రమాద ఘంట.

గాలి బలం వేగానికి సమానంగా పెరగదు, వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం మూడు రెట్లయితే బలం తొమ్మిది రెట్లవుతుంది. లెక్క చూద్దాం. ఒక లాంచి పక్కభాగం 15 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల ఎత్తు ఉందనుకోండి. వైశాల్యం 37.5 చదరపు మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల గాలి దాన్ని సుమారు 70 కిలోల బరువుతో తోస్తుంది. అదే 60 కిలోమీటర్ల గాలి 600 కిలోలకు పైగా బరువుతో తోస్తుంది. ఆ గాలి, వాన జల్లు తప్పించుకోవడానికి ఇరవైమంది లేచి ఒకే పక్కకు చేరారనుకోండి. మనిషికి 60 కిలోల చొప్పున మరో 1200 కిలోలు ఒకవైపే పడతాయి. అందరూ పై అంతస్తులో ఉంటే లాంచి గురుత్వకేంద్రం పైకి పోయి, అది మరింత సులభంగా ఒరుగుతుంది. ఇప్పుడు చెప్పండి, లాంచిని ఒరగదోసేది గాలి ఒక్కటేనా?

మైదానంలో ఆకాశం, కనుమలో ఆకాశం

రాజమండ్రి దగ్గర గోదావరి దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. అక్కడ గాలికి అడ్డు లేదు గనుక అలలు పెద్దవిగా లేస్తాయి. కాని ఒక మేలు ఉంది. దిక్కులన్నీ కనిపిస్తాయి. ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని మేఘాన్ని కూడా చూసి ఒడ్డు చేరవచ్చు.

పాపికొండల నడుమ నది బాగా సన్నబడుతుంది. రెండు పక్కలా కొండలే. తల ఎత్తితే కనిపించే ఆకాశం ఒక పట్టీ మాత్రమే. మేఘం నెత్తిమీదికి వచ్చేదాకా కనపడదు. అంతేకాదు, వెడల్పైన కాలువలోని నీరు ఇరుకు తూములో వేగంగా పారినట్టు, కొండల సందులో గాలి వేగం కూడా పెరుగుతుంది. మనవైపు వేసవి గాలివానలు తరచు పడమర, వాయవ్య దిక్కుల కొండలమీద పుట్టి, పైగాలులతోపాటు తీరంవైపు సాగుతాయి. ఏటికి ఎదురుగా పోయే లాంచి వాటికి ఎదురుగా పోతున్నట్టే. కాబట్టి కనుమలోకి ప్రవేశించకముందే పడమర, వాయవ్య ఆకాశాన్ని ఒకసారి పరిశీలించాలి. ఇటీవలి ఏళ్ళలో, పోలవరం నిర్మాణం వలన, ఈ వైపు లాంచీలు గండిపోచమ్మ గుడి దగ్గరినుంచి బయలుదేరుతున్నాయి. ఆ పరిశీలనకు రేవు దగ్గరే మంచి చోటు.

ఉరుము, మెరుపు చెప్పే దూరం

మెరుపు దారిలో గాలి సుమారు 30,000 డిగ్రీలకు వేడెక్కుతుంది. హఠాత్తుగా వ్యాకోచించిన ఆ గాలి చేసే శబ్దమే ఉరుము. కాంతి తక్షణమే మనల్ని చేరుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది, అంటే కిలోమీటరుకు 3 సెకన్లు. మెరుపు కనిపించినప్పటినుంచి ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగించండి. వచ్చినది కిలోమీటర్లలో దూరం. 30 సెకన్లు, లేదా అంతకంటే తక్కువ వస్తే పిడుగుపాటు మీ దాకా రాగలదు. నది నడుమ చదునైన నీటిమీద అన్నిటికంటే ఎత్తైన వస్తువు మీ పడవే. ఒడ్డుకు చేరి, పక్కా భవనంలోకి పోవాలి. తాడిచెట్టు కిందికో, ఒంటరిగా ఉన్న చింతచెట్టు కిందికో పోకూడదు. ఆఖరి ఉరుము విన్న తరువాత 30 నిమిషాలు ఆగాలి.

అప్పుడప్పుడు తుఫాను

గాలివాన గంటా రెండు గంటల్లో ముగుస్తుంది. సముద్రంలో పుట్టే తుఫాను సంగతి వేరు, అది రోజుల తరబడి ఉంటుంది. మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు ఎక్కువ. అయినా మే నెల పూర్తిగా మినహాయింపు కాదు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెను తుఫాను గోదావరి జిల్లాలను కూడా ముంచెత్తింది. 2022 మే నెలలో ‘అసని’ తుఫాను బలహీనపడి మచిలీపట్నం, నరసాపురం తీరానికి చేరింది. తుఫానులో ఒక సౌకర్యం ఉంది: దాని రాక కొన్ని రోజుల ముందే తెలుస్తుంది. విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచి ఆ పని చేస్తోంది.

స్థానిక గాలివానను అంత ముందుగా, ఫలానా రేవులో ఫలానా గంటకు అని చెప్పడం సాధ్యం కాదు. రాడారు మేఘాన్ని చూసిన తరువాత రెండు, మూడు గంటల ముందు మాత్రం చెప్పవచ్చు. అందుకే ఉదయం చూసిన సూచన సాయంత్రానికి చాలదు. వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల సూచనను బయలుదేరే ముందు చూడాలి. పిడుగుల కోసం పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ‘దామిని’ అనే ఆప్ ఉంది. కనుమలో ఫోను సిగ్నలు అందకపోవచ్చు. అక్కడ మీ కళ్ళే మీ రాడారు.

జూన్ రెండో వారానికల్లా నైరుతి ఋతుపవనాలు సాధారణంగా మన ప్రాంతానికి వచ్చేస్తాయి. ఎండ తగ్గుతుంది. అక్కడినుంచి నదిలో ప్రమాదం గాలినుంచి కాక, ఎక్కువగా వరద ప్రవాహంనుంచి, సుడులనుంచి వస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ఘోర ప్రమాదం వరద నీటిలో జరిగినదే.

గుర్తుంచుకోండి

1. ప్రయాణం ఉదయమే మొదలుపెట్టి, తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల లోపల ముగిసేలా చూసుకోవాలి.

2. లైఫ్ జాకెట్ పక్కన పెట్టుకునేది కాదు, తొడుక్కునేది. లాంచి కదలకముందే తాళ్ళు బిగించుకోవాలి.

3. ఉక్కలో గాలి హఠాత్తుగా స్తంభించి, తరువాత పడమరనుంచి చల్లగాలి తగిలితే, దూరాన దుమ్ము తెర లేస్తే, నీటిమీద నల్లని ముడతల గీత మీవైపు పరుగెత్తి వస్తుంటే వెంటనే సరంగుకు చెప్పాలి. లాంచి ఒడ్డు చేరాలి.

4. గాలి వచ్చినప్పుడు లేచి పరుగెత్తకూడదు. ఎవరి చోట వారు, వీలైనంత కింద కూర్చోవాలి. తడిసినా పరవాలేదు, దారులు మూయకూడదు.

5. “ఇప్పుడే ఎండ కాస్తోంది గదా, ఏం కాదు” అని పెద్దవాళ్ళు అంటే, ఆ ఎండే మేఘానికి ఇంధనమని మీరు నేర్చుకున్నది మర్యాదగా చెప్పండి.

చేసి చూడండి

మే నెల మొదటి పదిహేను రోజులు ఒక నోటు పుస్తకంలో ఉదయం 6, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6 గంటలకు ఇవి రాయండి: నీడలో ఉంచిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత, గాలి దిక్కు (గుడ్డపీలిక కట్టిన కర్ర చాలు), మబ్బుల ఆకారం, ఉరుము వినిపించిందా లేదా. పన్నెండు గంటలకు ఒక మీటరు కర్ర నీడ పొడవు కూడా కొలవండి. తరువాత ఈ ప్రశ్నలకు జవాబులు మీ పుస్తకంలోంచే వెతకండి.

1. మీ ఊళ్ళో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నది ఏ రోజున?

2. సముద్రపు గాలి సాధారణంగా ఎన్ని గంటలకు వచ్చింది? రాని రోజున ఉష్ణోగ్రత ఎంత?

3. సాయంత్రం ఉరుములు వచ్చిన రోజుల్లో మధ్యాహ్నం మబ్బులు ఏ ఆకారంలో ఉన్నాయి? రాని రోజుల్లో ఏ ఆకారంలో ఉన్నాయి?

4. గాలి వేగం గంటకు 20 కిలోమీటర్ల నుంచి 80 కిలోమీటర్లకు పెరిగితే, లాంచి మీద దాని బలం ఎన్ని రెట్లు అవుతుంది?